కతిపో: ఇసుక దిబ్బల మీద బతికే సాలీడు

పోయిన సంచికలో తొమ్మిదో తరగతి నుంచి సైన్సు వ్యాసం ఒక్కటీ రాలేదని మేడం గారు అన్నారు. అందుకని ఈసారి నేను రాస్తున్నాను. నా అక్షరాలు కొంచెం పెద్దవి, మూడు చార్టులు పట్టాయి. నిలబడి చదవడం కష్టమైతే సగం ఈరోజు, సగం రేపు చదవండి.

దీపావళి సెలవులు అయ్యాక మన డార్మిటరీలో ఏం జరిగిందో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆరో తరగతి చెల్లి ఒకామెకు చెయ్యి వాచింది. సాలీడు కుట్టింది అని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పటికీ తెలీదు. అంతే, ఆ సాయంత్రం మనమందరం కొండచీపుళ్ళు పట్టుకుని నాలుగు గోడలూ, మంచాల కిందా దులిపేశాం. నేను ఒక్కదాన్నే తొమ్మిది సాలీళ్ళను చంపాను. లెక్కపెట్టి మరీ చెప్పుకున్నాను. అందులో ఒకటి చాలా పెద్దది. పొట్ట కింద తెల్లటి బిళ్ళలాంటిది పట్టుకుని ఉంది, అందుకని గబగబా పరుగెత్తలేకపోయింది. అది గుడ్ల సంచి అని నాకప్పుడు తెలీదు. రెండు రోజుల తర్వాత ఆ చెల్లి నా దగ్గరికొచ్చి, కుళాయి దగ్గర కందిరీగ కుట్టిందక్కా, చెప్తే తిడతారని చెప్పలేదు అంది.

ఇప్పుడు డార్మిటరీలో బొద్దింకలు ఎక్కువయ్యాయని మీరే అంటున్నారు. సాలీళ్ళు పోయినందుకే అని నేను గట్టిగా చెప్పలేను. కానీ ఆ పెద్ద సాలీళ్ళు రాత్రిళ్ళు తిరిగి తినేది బొద్దింకల్నే.

సైన్సు మేడం గారిని అడిగాను. మేడం, మనిషిని చంపేటంత విషమున్న సాలీడు నిజంగా ఉంటుందా అని. ఉంటుంది, అలాంటి సాలీడును చంపితే నేరం అని చట్టం పెట్టుకున్న దేశం కూడా ఉంది అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. ఏనుగుకు చట్టం ఉందంటే సరే. విషమున్న సాలీడుకు చట్టమా? తర్వాత మేడం గారు నాకు చదివించినవి, చెప్పినవి నోట్సులో రాసుకున్నాను. అందులోవే ఇవి.

ఆ దేశం పేరు న్యూజిలాండ్. స్టాఫ్ రూములో ఉన్న గ్లోబు తిప్పి చూడండి. ఆస్ట్రేలియాకు కుడివైపున కొంచెం కిందకి రెండు పొడుగాటి దీవులు కనిపిస్తాయి. పైది ఉత్తర దీవి, కిందది దక్షిణ దీవి. భూమధ్యరేఖకు అవతల కాబట్టి అక్కడ కాలాలు మనకు తిరగబడి ఉంటాయి. మనం చలికి దుప్పట్లు కప్పుకునే డిసెంబరు, జనవరి వాళ్ళకు ఎండాకాలం. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం వస్తుంది.

ఆ దేశంలో మొదటి నుంచి ఉన్న ప్రజలు మావోరీలు. ఈ సాలీడుకు పేరు పెట్టింది వాళ్ళే. వాళ్ళ భాషలో కకతి అంటే కుట్టడం, పో అంటే రాత్రి. రెండూ కలిపి కతిపో, అనగా రాత్రిపూట కుట్టేది. శాస్త్రజ్ఞులు దానికి లాటిన్ పేరు పెట్టినప్పుడు కూడా ఈ మాటను తీసెయ్యలేదు, లాట్రోడెక్టస్ కతిపో అని ఉంచారు. మా భాషలో మా కొండల్లోని పురుగులకీ చెట్లకీ ఎన్ని పేర్లున్నాయో. ఒక్కటీ పుస్తకంలో చూళ్ళేదు నేను. అందుకే ఈ పేరు చదివినప్పుడు నాకు బాగా అనిపించింది.

కతిపో పెద్దదేమీ కాదు. ఎదిగిన ఆడ సాలీడు ఒళ్ళు సుమారు 8 మిల్లీమీటర్లు, అంటే ఒక బఠాణీ గింజంత. కాళ్ళు చాపితే మాత్రం 3 సెంటీమీటర్ల దాకా వస్తుంది. నల్లగా నిగనిగలాడుతుంది. వీపు మీద ఎర్రటి చార, ఆ చార అంచుకు సన్నగా తెల్లటి గీత. ఉత్తర దీవి పైభాగంలో ఉండేవాటికి ఆ ఎర్ర చార ఉండదు, ఒళ్ళంతా నలుపే. అది వేరే జాతి అని చాలా కాలం అనుకున్నారు, తర్వాత రెండూ ఒకటేనని తేల్చారు. మగది ఆడదానిలో ఆరో వంతు ఉంటుంది, తెల్లగా ఉంటుంది, వీపు మీద ఎర్రటి మచ్చలు, పక్కన నల్ల గీతలు. పక్కపక్కన పెడితే ఇవి రెండూ ఒకే జాతివని ఎవరూ అనుకోరు. మనిషికి ప్రమాదమైన కాటు వేసేది ఆడది మాత్రమే.

ఇంతకీ అది ఉండేది ఎక్కడంటే, సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మీద. ఇళ్ళలో ఉండదు, అడవిలో ఉండదు, పొలంలో ఉండదు. ప్రపంచం మొత్తంలో న్యూజిలాండ్ తీరాన మాత్రమే ఉంటుంది. అక్కడ కూడా దక్షిణాన బాగా చలిగా ఉండే చివరి తీరంలో లేదు, ఎందుకంటే గుడ్లు పొదగడానికి ఇసుక వెచ్చగా ఉండాలి.

ఇసుక దిబ్బ అంటే ఏమిటో నాకు మొన్నటిదాకా తెలీదు. మనం కొండల పిల్లలం కదా. ఎనిమిదో తరగతిలో కళింగపట్నం విహారయాత్రకు వెళ్ళినప్పుడే నేను మొదటిసారి సముద్రం చూశాను. బస్సు దిగి నీళ్ళ వైపు పరుగెత్తాం. దారిలో ఇసుక మిట్టలు ఎక్కి దిగాం, వాటి మీద ఒక తీగ పాకి ఉంది, దాన్ని తొక్కుకుంటూ పోయాం. ఉత్త ఇసుక, ఏముంది ఇందులో అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది ఏమిటంటే, గాలి సముద్రం వైపు నుంచి ఇసుకను ఎగరగొట్టుకొస్తుంది. ఆ ఇసుక ఏదైనా మొక్కకు తగిలి ఆగుతుంది. ఆగినకొద్దీ మిట్ట పెరుగుతుంది. మొక్క ఇసుకలో కూరుకుపోకుండా ఇంకా పైకి పెరుగుతుంది. అలా మొక్కా ఇసుకా కలిసి దిబ్బ కడతాయి. కాబట్టి ఏ మొక్క ఉంటే ఆ రకం దిబ్బ వస్తుంది. ఈ ముక్క చాలా ముఖ్యం. కతిపో కథ అంతా దీని మీదే ఉంది.

న్యూజిలాండ్ దిబ్బల మీద మొదటి నుంచి ఉండే మొక్క పింగావో. తుంగలాంటిది. కుదురు కుదురుగా, దూరం దూరంగా పెరుగుతుంది. రెండు కుదుళ్ళ మధ్య ఇసుక బోసిగా ఉంటుంది. దిబ్బ కూడా ఎత్తుగా నిటారుగా కాకుండా, వాలుగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. పింగావో ఆకులు ఎండితే బంగారు రంగుకు వస్తాయి. మావోరీ స్త్రీలు ఆ ఆకులతో బుట్టలు, టోపీలు అల్లుతారు. వాళ్ళ సభామందిరాల గోడలకు పెట్టే అల్లిక పలకల్లో పసుపు రంగు దీనిదే. వాళ్ళ కథ ఒకటి ఉంది. అడవి దేవుడు తానే, సముద్ర దేవుడు తంగరోవా ఇద్దరికీ గొడవ. గొడవ ఆపుదామని తానే తన కనుబొమల వెంట్రుకలు పీకి తంగరోవాకు కానుకగా ఇచ్చాడు. తంగరోవా కోపం తీరక వాటిని ఒడ్డుకు విసిరేశాడు. అవి పడ్డచోట మొలిచిందే పింగావో. అడవికీ సముద్రానికీ మధ్యలో ఇప్పటికీ అది నిలబడి ఉంది.

ఈ కుదురు మొదట్లో, నేలకు దగ్గరగా కతిపో గూడు కడుతుంది. గుండ్రంగా చక్రంలా ఉండే గూడు కాదు. మన వంటగది మూలల్లో ఉండేలాంటి చిక్కుబడ్డ దారాల గూడు. కానీ చిక్కుగా ఉందని తక్కువ అనుకోకండి. అందులో కొన్ని దారాలను కిందకు లాగి ఇసుక నేలకు బిగించి పెడుతుంది, విల్లుకు తాడు లాగినట్టు. రాత్రి ఇసుక మీద నడుచుకుంటూ ఒక పేడపురుగులాంటిది వస్తుంది. ఆ దారానికి తగిలి అంటుకుంటుంది. పెనుగులాడుతుంది. పెనుగులాడితే నేలకు బిగించిన కొస తెగిపోతుంది. తెగగానే దారం సాగిన రబ్బరులా పైకి లాగేస్తుంది. పురుగు కాళ్ళు నేలకు అందవు, గాలిలో వేలాడుతుంది. మా ఊళ్ళో కౌజు పిట్టలకు పెట్టే ఉచ్చు కూడా సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. కొమ్మ వంచి కడతారు, పిట్ట తగిలితే కొమ్మ పైకి లేస్తుంది. ఈ సంగతి మా మామ్మకు చెబితే, దానికెవులు నేర్పినారే అని అడిగింది.

పురుగు వేలాడగానే కతిపో దగ్గరికి వస్తుంది. ముఖం పెట్టి రాదు, వెనక్కి తిరిగి, జిగురు దారం దాని మీద విసురుతుంది. కదలకుండా చుట్టాక అప్పుడు కీళ్ళ దగ్గర కొరుకుతుంది. ఇంకొంచెం చుడుతుంది, మళ్ళీ కొరుకుతుంది. ఇలా తనకంటే చాలా పెద్ద పురుగుల్ని కూడా పడుతుంది. ఎక్కువగా తినేవి ఇసుక మీద నడిచే పెంకుపురుగులు, ఒడ్డున గెంతే ఇసుక మిడతల్లాంటి చిన్న జీవులు. అవి పేరుకు మిడతల్లా గెంతుతాయి కానీ రొయ్యల జాతివి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఈ ఉచ్చు పనిచెయ్యాలంటే ఏం కావాలి? పురుగు నడవడానికి బోసి ఇసుక కావాలి. దారం కట్టడానికి పక్కన ఒక కుదురు కావాలి. రెండూ కావాలి. ఉత్త ఇసుకైతే దారం కట్టడానికి ఆధారం లేదు. ఒత్తుగా గడ్డి ఉంటే పురుగు నడిచే చోటు లేదు, దారం దించే చోటు లేదు.

వాళ్ళ ఎండాకాలం మొదట్లో, నవంబరు, డిసెంబరుల్లో ఆడ కతిపో గుడ్ల సంచులు కడుతుంది. ఒక్కొక్కటి గుండ్రంగా ఉసిరికాయకన్నా చిన్నది, ఐదారు కడుతుంది. ఒక్కో సంచిలో 70 నుంచి 90 గుడ్లు. వాటిని గూట్లోనే పెట్టుకుని కాపలా కాస్తుంది. సుమారు ఆరు వారాలకు పిల్లలు వస్తాయి. జనవరి, ఫిబ్రవరిల్లో బయటకొచ్చి చెదిరిపోతాయి. ఇన్ని పిల్లలు పుడితే దిబ్బ నిండిపోవాలి కదా అని నేను మేడం గారిని అడిగాను. ఎన్ని పుట్టాయని కాదు, పుట్టినవాటికి గూడు కట్టే చోటు ఎన్నింటికి దొరికిందని చూడాలి అన్నారు.

ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్న సంగతి, కాటు. కతిపో విషం నరాల మీద పనిచేస్తుంది. కరిచిన చోట నొప్పి మొదలై పెరుగుతుంది, చెమటలు పడతాయి, కడుపు నొప్పి, వాంతులు రావచ్చు. పూర్వం చనిపోయినవాళ్ళు ఉన్నారు. కానీ 1923 తర్వాత కతిపో కాటుతో ఎవరూ చనిపోయినట్టు నమోదు కాలేదు. ఇప్పుడు విరుగుడు మందు ఉంది. అసలు అది కరవడమే అరుదు. భయస్తురాలు. ఎవరైనా కదిలిస్తే కాళ్ళు ముడుచుకుని ఉండలా అయిపోయి కింద పడిపోతుంది, లేకపోతే గూటి లోపలికి పారిపోతుంది. ఒంటికి అదుముకుపోయినప్పుడు, బట్టల్లోనో చెప్పుల్లోనో చిక్కినప్పుడు కరుస్తుంది. గుడ్ల సంచి దగ్గరుంటే మాత్రం పారిపోదు. అక్కడే ఉండి ఒక్కోసారి కరుస్తుంది. ఇది చదివినప్పుడు నాకు మన డార్మిటరీ గోడ మీది ఆ పెద్ద సాలీడు గుర్తొచ్చింది. నేను చీపురు ఎత్తితే అది బిళ్ళను వదిలేసి పరుగెత్తి ఉండొచ్చు. వదల్లేదు.

విషం ఉంది కాబట్టి మనుషులు చంపేసి ఉంటారు, అందుకే అరుదైపోయింది అని నేను మొదట అనుకున్నాను. మీరూ అలాగే అనుకుంటారు. కొంత నిజమే, భయంతో చంపేవాళ్ళు ఉన్నారు. కానీ ముఖ్య కారణం అది కాదు. గడ్డి.

ఎలాగంటే, యూరప్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు తీరం వెంట గొర్రెల్నీ పశువుల్నీ మేపారు, మంటలు పెట్టారు. కుందేళ్ళు కూడా వాళ్ళతోనే వచ్చాయి. పింగావో పశువులకు ఇష్టమైన మేత. అది పోయేసరికి ఇసుకను పట్టి ఉంచేది లేక, ఇసుక ఎగిరి పొలాల మీదకీ దారుల మీదకీ వచ్చింది. అప్పుడు వాళ్ళు ఇసుకను ఆపడానికి 19వ శతాబ్దం చివర్లో యూరప్ తీరాల నుంచి మర్రం అనే గడ్డిని తెచ్చి నాటారు. చెడు చెయ్యాలని నాటలేదు. పొలాల్ని కాపాడాలని నాటారు. మర్రం గడ్డి ఇసుకను చాలా బాగా ఆపింది. అదే వచ్చిన చిక్కు.

మర్రం కుదురు కుదురుగా పెరగదు. మన వరి మడి దుబ్బు కట్టినట్టు సందు లేకుండా కమ్ముకుంటుంది. దిబ్బ ఎత్తుగా నిటారుగా అయిపోతుంది. బోసి ఇసుక మిగలదు. పింగావోకు చోటు ఉండదు. కతిపోకు దారం దించే చోటు ఉండదు. దూరం నుంచి చూస్తే దిబ్బ పచ్చగా, ముందుకన్నా బాగా ఉన్నట్టే కనిపిస్తుంది. లోపల గూడు కట్టుకోడానికి జానెడు జాగా లేదు. దిబ్బల వెనకాల పైన్ చెట్ల తోటలు పెంచారు, పొలాలు చేశారు, ఇళ్ళు కట్టారు. అలా 20వ శతాబ్దంలో ఆ దేశపు కదిలే ఇసుక దిబ్బలు సుమారు 70 శాతం తగ్గిపోయాయి. 1,29,000 హెక్టార్లు ఉండేవి 39,000 హెక్టార్ల దాకా వచ్చాయి.

మిగిలిన దిబ్బల మీద బళ్ళు, మోటారు సైకిళ్ళు తోలుతారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రల్ని మంటకు ఏరుకుపోతారు. ఆ కర్రల కింద కూడా కతిపో ఉంటుంది. ఖాళీ డబ్బాలు, సీసాల కింద కూడా దూరుతుంది పాపం, చోటు దొరక్క.

ఇంకో కష్టం ఉంది. దక్షిణ ఆఫ్రికా నుంచి ఎలాగో వచ్చిన ఒక సాలీడు ఉంది, చూడ్డానికి కతిపోలాగే ఉంటుంది, అందుకని దొంగ కతిపో అంటారు. అది వచ్చి కతిపోను తరిమెయ్యదు. తుఫానుకు అలలు దిబ్బను కోసేసి కతిపోలు చెదిరిపోయినప్పుడు, ఆ ఖాళీ చోట్లో ముందు ఇది చేరిపోతుంది. కతిపో ఏడాదిలో ఒక్క కాలంలోనే పిల్లల్ని పెడుతుంది. దొంగ కతిపో ఏడాది పొడుగునా పెడుతుంది. కతిపో తిరిగి వచ్చేసరికి ఇల్లు ఇంకొకరిదై ఉంటుంది.

ఇలా అన్నీ కలిసి ఇప్పుడు కతిపోలు కొన్ని వేలే మిగిలి ఉంటాయని అంచనా. ఉత్తర దీవిలో సుమారు 50 చోట్ల, దక్షిణ దీవిలో 8 చోట్ల. దేశం మొత్తానికి కొన్ని వేలు. మన బడి వెనక ఒక్క చీమల పుట్టలో అంతకన్నా ఎక్కువ చీమలుంటాయి.

చట్టం సంగతి చెప్తానన్నాను కదా. న్యూజిలాండ్‌లో 1953 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. 2010లో కతిపోను అందులో చేర్చారు. అప్పటి నుంచి దాన్ని కావాలని చంపితే శిక్ష. నాకు ముందు చాలా గొప్పగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, చట్టం మనిషి చీపుర్ని ఆపుతుంది గానీ మర్రం గడ్డిని ఆపదు కదా. సాలీడును ఎవరూ ముట్టుకోకపోయినా దాని చోటు పోతే అది పోతుంది. అందుకని అక్కడ అసలు పని దిబ్బల మీద జరుగుతోంది. తీరం దగ్గర ఊళ్ళవాళ్ళు, బడి పిల్లలు, మావోరీ కుటుంబాలు కలిసి మర్రం తీసేసి పింగావో నాటుతున్నారు. పింగావో విత్తనాలు ఏరి, నర్సరీలో మొలకెత్తించి, చలికాలంలో దిబ్బ మీద నాటుతారు. నడవడానికి చెక్క దారులు వేసి, దిబ్బను తొక్కొద్దని కంచె కడతారు. మావోరీ అల్లికవాళ్ళకు పింగావో కావాలి, సాలీడుకూ పింగావో కావాలి. ఎవరి కోసం నాటినా ఇద్దరికీ పనికొస్తుంది. దక్షిణ దీవిలో కైటోరెటే అని సముద్రానికీ చెరువుకూ మధ్య పొడుగాటి ఇసుక కట్ట ఉంది. పింగావో బాగా మిగిలిన చోట్లలో అదొకటి, అక్కడ కతిపోలూ మిగిలాయి.

సాలీళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టడానికి వాళ్ళు చేసే పని నాకు భలే నచ్చింది. గడ్డిలో వెతికితే గూళ్ళు పాడవుతాయి. అందుకని ఇసుక మీద అక్కడక్కడా పలకలు పరిచి వెళ్ళిపోతారు. నీడ ఉంటుంది కదా అని కతిపో దాని కిందకి చేరి గూడు కడుతుంది. కొన్నాళ్ళకు వచ్చి మెల్లగా పలక ఎత్తి, చూసి, రాసుకుని, మళ్ళీ అలాగే పెట్టేస్తారు. చంపేది లేదు, పట్టేది లేదు.

ఇదంతా నేను సంక్రాంతి సెలవుల్లో మా మామ్మకు చెప్పాను. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే, అందుకని మామ్మ నేనేం చెప్పినా శ్రద్ధగా వింటుంది. సాలీడు దగ్గర నవ్వింది. గడ్డి దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపేసింది. మా ఊరి పైన కొండచీపురు ఉండే ఏటవాలు ఒకటుంది, ఉండేది. మామ్మ మాఘమాసం వస్తే అక్కడ చీపురు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతలో అమ్మేది. మన హాస్టల్లో ఉండే చీపుళ్ళలాంటివే. నేను చిన్నప్పుడు ఎవరో వచ్చి ఆ నేల ఖాళీగా ఉందని రాసుకుని వెళ్ళి, నీలగిరి మొక్కలు తెచ్చి నాటారు. అవి ఎత్తుగా పెరిగాయి. కింద చీపురు పోయింది. ఇప్పుడు మామ్మ చీపురు కోసం రెండు కొండలు దాటి వెళ్తుంది, అదీ మోకాళ్ళ నొప్పులతో. "కాళీ నేల అంతారేటే ఆలు? సీపురు కనబళ్ళేదేటి కళ్ళకి?" అంది. అక్కడ ఏమేం పురుగులు, ఏమేం సాలీళ్ళు ఉండేవని అడిగితే వేళ్ళు మడిచి చెప్పడం మొదలుపెట్టింది, రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. వాటి పేర్లు నేను మా భాషలోనే నోట్సులో రాసుకున్నాను. తెలుగులో వాటిని ఏమంటారో నాకు తెలీదు.

ఇప్పుడు నేను వార్డెన్ మేడం గారికి ఒక మాట మనవి చేసుకోవాలి. కోపం తెచ్చుకోకండి మేడం. ఈ వానాకాలానికి మన హాస్టల్ వెనక గట్టు మీద మొక్కలు నాటిస్తారని, గడ్డి అంతా చెక్కించి గుంతలు తవ్విస్తారని అక్కలు అంటున్నారు. మొక్కలు నాటడం మంచిదే, నేనూ నాటుతాను. కానీ ఆ గట్టు మీద పైవైపు, పాత నీళ్ళ ట్యాంకు నుంచి చింతచెట్టు దాకా, కొండచీపురు కుదుళ్ళు ఉన్నాయి. నేను లెక్కపెట్టాను, ముప్ఫై ఒకటి. ఆ ముక్క ఒక్కటీ చెక్కకుండా ఉంచితే బాగుంటుంది. మొక్కలు కిందవైపు, ప్రహరీ వెంట నాటుకోవచ్చు, అక్కడ నీళ్ళు పొయ్యడం కూడా సులువు. ఏయే మొక్కలు వస్తున్నాయో ముందే తెలిస్తే వాటి గురించి కూడా మామ్మను అడిగి వస్తాను.

ఊరికే అడగడం లేదు మేడం. జనవరి నెలాఖరున వంటగది వెనక పడేసిన పగిలిన పెంకులు మూడు తీసుకెళ్ళి ఆ కుదుళ్ళ మధ్య పెట్టాను. న్యూజిలాండ్‌లో కతిపోకు పలకలు పెట్టినట్టే. కతిపో ఇక్కడ ఉండదని నాకు తెలుసు, మన దగ్గర ఉండేవి ఏమిటో చూద్దామని. మూడు ఆదివారాలు ఆగి, నేనూ నా పక్క మంచం అమ్మాయీ కర్రతో ఎత్తి చూశాం. చెయ్యి పెట్టలేదు, తేళ్ళుంటాయని సైన్సు మేడం గారు ముందే చెప్పారు. మొదటి పెంకు కింద గండుచీమలు, వాటి గుడ్లు. రెండో దాని కింద నిజంగానే ఒక తేలు, వెంటనే మూసేశాం. మూడో దాని కింద గోధుమరంగు సాలీడు ఒకటి, గోరంత ఉంటుంది, చిక్కు దారాల గూడు, ఆ గూట్లో మూడు గుండ్రటి సంచులు. మేము పెంకు ఎత్తినా అది పారిపోలేదు. మూడు సంచుల మధ్యకి వచ్చి కూర్చుంది. పెంకు మెల్లగా మళ్ళీ దాని మీద పెట్టేశాం.

వచ్చే ఆదివారం టిఫిను అయ్యాక మళ్ళీ చూస్తాం. రావాలనుకున్నవాళ్ళు నలుగురి కంటే ఎక్కువ రావద్దు, చెప్పులు వేసుకుని రండి. కుదుళ్ళను తొక్కొద్దు.